ఇక దానితో పనేముంది: నడివయసు స్త్రీ అందాన్నీ ధైర్యాన్నీ ఒకేసారి తుంచేసే మాట

నెల్లూరు చిన్నబజారు బట్టల కొట్లలోనూ, ఒంగోలు, కావలి, కందుకూరు వీధుల్లోని టైలరింగ్ షాపుల్లోనూ, ఇళ్ళ వరండాల్లోనూ 45 దాటిన ఆడవాళ్ళ విషయంలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. మిరపపండు రంగు చీర చేతిలోకి తీసుకుంటే "ఈ వయసులో అదెందుకు" అంటారు. జుట్టు పల్చబడిపోతోందని బాధపడితే "పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి, ఇక దానితో పనేముంది" అంటారు. ఊడిన పన్ను కట్టించుకుంటానన్నా, సాగిపోయిన చెవి తమ్మె కుట్టించుకుంటానన్నా, కళ్ళద్దాలు మార్చుకుంటానన్నా సమాధానం అదే. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. చాలాసార్లు ఆ మాట అనుకునేది ఆ స్త్రీయే, తన గురించి తానే. ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, సరిగ్గా ఇదే మాట ఆసుపత్రి గదుల్లో కూడా వినిపిస్తుంది: "ఇద్దరు పిల్లలు పుట్టేశారు, ఇక గర్భసంచితో పనేముంది?"

చీర రంగు విషయంలోనూ గర్భసంచి విషయంలోనూ వెలువడుతున్న తీర్పు ఒకటే. స్త్రీ ఒంట్లో ప్రతిదానికీ ఒక పని కేటాయించి ఉందని, ఆ పని తీరిపోయాక దాన్ని పట్టించుకోవడం దండగని ఆ తీర్పు చెబుతుంది. జుట్టు, రంగు, పలువరస పెళ్ళి కుదరడానికి. గర్భసంచి పిల్లలు పుట్టడానికి. పట్టుచీర, నగ పేరంటాల్లో ఇంటి పరువు నిలపడానికి. ఈ లెక్క ప్రకారం నడివయసు స్త్రీ దగ్గర విలువ ఉన్నవిగా మిగిలేవి ఇంటిపని చేసే రెండు చేతులే. అందువల్ల ఈ వయసులో అందం, ఆత్మవిశ్వాసం అనే విషయాన్ని క్రీములకూ రంగులకూ పరిమితం చేసి మాట్లాడితే అసలు సంగతి చేతికి చిక్కదు. అద్దం ముందు నిలబడే హక్కూ డాక్టరు ముందు కూర్చునే హక్కూ ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. మొదటిదాన్ని వయసు మీరిన సరదాగా తీసిపారేసే ఇంట్లో రెండోది కూడా నిలవదు.

ఈ లెక్కకు బలం చేకూర్చిన వాటిలో సినిమా ఒకటి. నెల్లూరులో పుట్టిన వాణిశ్రీ 1970లలో తెలుగు స్త్రీల కట్టుబొట్టును శాసించిన నటి. ఆమె కొప్పునూ, చీర కట్టే తీరునూ ఊరూరా ఆడవాళ్ళు అనుకరించారు. కొంత విరామం తరవాత 1980ల చివర ఆమె తెరమీదికి తిరిగి వచ్చినప్పుడు చేసినవి అత్త పాత్రలు. అప్పటికి ఆమె వయసు 40 దాటి ఎంతో కాలం కాలేదు. ఆమె సరసన నటించిన కథానాయకులు మాత్రం అప్పటికీ కథానాయకులుగానే కొనసాగుతున్నారు. ఆ అత్త పాత్రల్లో ఆమె చూపిన దర్పాన్ని ప్రేక్షకులు కళ్ళప్పగించి చూశారన్నది గుర్తుంచుకోవలసిన విషయం. నడివయసు స్త్రీని చూడడానికి జనానికి అభ్యంతరం లేదు, ఆమెకు కథలో చోటు ఇవ్వడానికే సంకోచం. ఇళ్ళలో ఈ సంకోచం ఇంకా కఠినంగా ఉంటుంది. భర్త పోయిన స్త్రీ బొట్టు, గాజులు, పూలు తీసేయాలనే పట్టుదల ఎన్నో ఊళ్ళలో నేటికీ పోలేదు; చిన్నప్పటి నుంచీ, అంటే పెళ్ళికి ఎంతో ముందు నుంచీ, ఆమె పెట్టుకుంటూ వచ్చిన బొట్టు ఆమె సొంతం కాదని దాని అర్థం.

ఇక ఒంటి సంగతి. మన దేశంలో ముట్లు ఆగిపోయే వయసు సగటున 46, 47 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల్లో అది 51 ఏళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. ఆ మార్పుకు ముందు నాలుగైదేళ్ళ నుంచే అండాశయాలు విడుదల చేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎగుడుదిగుడుగా మారి క్రమంగా పడిపోతుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు ముట్లు ఆగిన తొలి ఐదేళ్ళలో దాదాపు 30 శాతం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. చర్మంలో నూనె తగ్గి పొడిబారుతుంది, గడ్డం మీద నాలుగు ముతక వెంట్రుకలు మొలుస్తాయి, పాపిడి వెడల్పవుతుంది. మెదడులో ఒంటి వేడిని సరిచూసే భాగం చిన్న తేడాకు కూడా ఉలిక్కిపడి, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి చెమటలు పట్టేలా చేస్తుంది. 40 డిగ్రీలు దాటే ఎండలు, దానికి తోడు సముద్రపు ఉక్కపోత ఉన్న నెల్లూరు లాంటి చోట ఈ ఆవిర్లను రోహిణి కార్తె ఖాతాలో వేసేయడం చాలా తేలిక. "వేడి చేసింది" అనుకుని సబ్జా నీళ్ళో, బార్లీ నీళ్ళో తాగి ఊరుకుంటారు. వాటి వల్ల చెడు ఏమీ జరగదు కాని, డిసెంబరు రాత్రి కూడా దుప్పటి తన్నేసి లేచి కూర్చునే స్త్రీకి వచ్చింది ఎండ వేడి కాదు. నెలల తరబడి నిద్ర తెగిపోతే ముఖంలో కళ తప్పుతుంది, మాటలో విసుగు చేరుతుంది, మరుపు వస్తుంది. "మనిషి మారిపోయింది" అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఈ ఆవిర్లకు హార్మోను చికిత్సతో సహా మందులు ఉన్నాయి. గుండె, రొమ్ము, రక్తం గడ్డకట్టే సమస్యల చరిత్ర చూసి ఎవరికి ఏది తగునో డాక్టరు నిర్ణయిస్తారు. 60 ఏళ్ళలోపు, ముట్లు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినప్పుడు ఆ చికిత్సలో మేలు ఎక్కువ. అడగవలసిన కాలం దాటిపోయాక అడిగేవాళ్ళే మన దగ్గర ఎక్కువ కనిపిస్తారు.

ఈ సహజమైన మార్పు కంటే ఆంధ్ర దేశంలో ఎక్కువగా మాట్లాడుకోవలసినది, కత్తితో తెచ్చిపెట్టుకున్న మార్పు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది ఉన్నారు. దేశంలోకెల్లా ఎక్కువ మన దగ్గరే. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, కాన్సర్ ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, అందులో రెండో మాట లేదు. కాని తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో, ముందు ముందు కాన్సర్ వస్తుందేమోననో 35 ఏళ్ళకే చేయించుకున్నవాళ్ళు మన ఊళ్ళలో వీధికి ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. కూలికి వెళ్ళే స్త్రీకి నెలకు మూడు రోజుల నొప్పి, బట్ట మార్చుకునే చోటు లేని పొలం, పొగాకు గ్రేడింగ్ షెడ్డులో పొద్దస్తమానం కూర్చోవలసిన పని – ఇవన్నీ కలిసి "ఒక్కసారి తీయించేసుకుంటే బాధ వదులుతుంది" అనే ఆలోచనను నిజంగానే సబబుగా కనిపింపజేస్తాయి. ఆమెను తప్పుపట్టడం అన్యాయం. తప్పంతా ఆ ఆపరేషన్ తరవాత ఏమి జరుగుతుందో ముందుగా చెప్పకపోవడంలో ఉంది.

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే, 46, 47 ఏళ్ళకు మెల్లగా రావలసిన మార్పు ఒక్క రాత్రిలో మీద పడుతుంది. అండాశయాలు ఉంచినప్పటికీ కొందరిలో అవి కొన్నేళ్ళు ముందుగానే అలిసిపోతాయి. 38 ఏళ్ళ స్త్రీ చర్మం, జుట్టు, ఎముకలు, గుండె పదేళ్ళు ముందుకు జరిగినట్టవుతాయి. చుట్టుపక్కలవాళ్ళు "చిన్న వయసులోనే వడలిపోయింది" అంటారు; ఆమె క్రీములు మారుస్తుంది, నూనెలు మారుస్తుంది. అది అందం సమస్య కాదని, ఒంట్లోంచి ఒక అవయవాన్ని తీసేసిన ఫలితమని ఆమెకు చెప్పేవాళ్ళు ఉండరు. ఇలాంటి అనవసరపు ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని 3 నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచికి పిల్లలను మోయడం తప్ప పనేమీ లేదనే నమ్మకం ఇళ్ళలో ఉన్నంతకాలం మార్గదర్శకాలు కాగితం దాటి ఎంత దూరం వస్తాయన్నది అనుమానమే.

తెల్లదనం మీది మోజు ఈ వయసులో తగ్గవలసింది పోయి, మరో రూపంలో ముదురుతుంది. తెల్లచర్మం ఉన్నవాళ్ళలో వయసు ముందుగా ముడతలుగా కనిపిస్తే, మన చామనఛాయ చర్మంలో ముందుగా మచ్చలుగా కనిపిస్తుంది. బుగ్గల మీద, ముక్కు మీద, పైపెదవి మీద పరచుకునే మంగు ఈ వయసు స్త్రీలను బాధించినంతగా ముడతలు బాధించవు. దానికి హార్మోన్ల మార్పు, వంశం, ఎండ కారణాలు; పొయ్యి సెగ కూడా దాన్ని పెంచుతుంది. ఎండ అంటే కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు మాత్రమే కాదు, మామూలు వెలుగు కూడా మన రంగు చర్మంలో మంగును ముదురుస్తుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ తెల్లగా పూసుకునే వాటికంటే మంగుకు బాగా పనిచేస్తుంది. అయితే ఉప్పు కొటారులోనో, మిరప తోటలోనో పగలంతా ఉండే స్త్రీని రెండు గంటలకొకసారి సన్‌స్క్రీన్ రాసుకోమనడం మర్యాద కాదు. ముఖం కప్పే నూలు గుడ్డ, అంచు వెడల్పాటి టోపీ, వీలైతే ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తరవాత పని – ఇవి ఆమెకు అందుబాటులో ఉన్నవి, క్రీముకంటే ఖాయమైనవి.

మందుల షాపులో "మంగుకు ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం తేటగా కనిపిస్తుంది. ఆ తేటదనమే ఉచ్చు. నెలలు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, నూగు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది, మళ్ళీ రాస్తే చల్లబడుతుంది. ఇలా ఏళ్ళ తరబడి సాగేవాళ్ళున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. నిబంధన ఉంది, అమ్మకం కూడా ఉంది. ఇప్పటికే అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా ఆపేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళి మెల్లగా మాన్పించుకోవడమే క్షేమం.

ఇంటి చిట్కాలన్నీ నిరపాయమనుకోవడం కూడా పొరపాటే, అందుకు ఉదాహరణ మన నిమ్మకాయే. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి దేశమంతా వెళ్ళే ఈ కాయ మన ఇళ్ళలో ఎప్పుడూ ఉంటుంది, తేనెతోనో శెనగపిండితోనో కలిపి ముఖానికి పట్టించడం మామూలు. నిమ్మరసం, తొక్కలోని నూనె చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే, వాటిలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని నల్లటి చారలు మిగులుస్తాయి. మచ్చ పోగొట్టుకోవడానికి చేసిన పనే మచ్చ తెస్తుంది. నిమ్మతోటల్లో కాయలు కోసే స్త్రీల ముంజేతుల మీద అలాంటి చారలు కనిపిస్తే దానికి కారణం ఇదే కావచ్చు.

సౌభాగ్య చిహ్నాలుగా భావించే వాటి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొట్టుబిళ్ళ వెనక ఉండే జిగురులో వాడే ఒక రసాయనం కొందరిలో నుదుటి మీద ఆ బిళ్ళ మేరకు చర్మం రంగును చంపేస్తుంది. ఆ తెల్లమచ్చను బొల్లి అనుకుని భయపడి, దాన్ని కప్పడానికి ఇంకా పెద్ద బిళ్ళ పెట్టుకోవడంతో మచ్చ పెరుగుతుంది. బిళ్ళ మానేసి మంచి కుంకుమకో తిలకానికో మారి డాక్టరుకు చూపించుకుంటే చాలామందిలో అది అక్కడితో ఆగుతుంది. చెవి తమ్మెలదీ ఇలాంటి కథే. వెనకటివాళ్ళు బుట్టకమ్మల బరువును జుట్టు మీదికి మళ్ళించడానికి మాటీలు వాడేవారు. మాటీలు పోయి బరువు మాత్రం మిగిలింది. తమ్మె తెగితే దాన్ని కుట్టడం అరగంట పని, తమ్మె వరకే మత్తు సూది చాలు. ఏళ్ళ తరబడి చీటీలు కట్టి కొనుక్కున్న కమ్మలు బీరువాలో దాచి, తెగిన చెవిని జుట్టుతో కప్పుకుని పేరంటాలకు వెళ్ళే స్త్రీకి ఆ అరగంట దొరకకపోవడానికి కారణం డబ్బు కాదు.

తెల్లజుట్టు విషయంలో ఏది మంచిదని తీర్పు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. రంగు వేసుకోవడం దాచడమూ కాదు, వేసుకోకపోవడం త్యాగమూ కాదు. తెలుసుకోవలసినది ఒక్కటే: నల్లరంగు పొడుల్లో, "నల్ల గోరింట" పేరుతో అమ్మే ప్యాకెట్లలో కూడా పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది పడనివాళ్ళకు నెత్తి పుండ్లు పడి కళ్ళు వాచిపోతాయి. పదేళ్ళుగా పడినది పదకొండో ఏట పడకపోవచ్చు. మోచేతి మడతలో చుక్క రాసి 48 గంటలు చూడడం ప్రతిసారీ చేయవలసిన పని. ఆకు నూరిన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా పండే గోరింటాకు లేదు. ఇక జుట్టు రాలడం, కనుబొమ చివర్లు పలచబడడం, మెడ వెనక మడతల్లో నలుపు ముదరడం లాంటివి అందం సమస్యలుగా కనిపించినా, నిజానికి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పే గుర్తులు. మొదటి రెండింటికి రక్తహీనతో, థైరాయిడో కారణం కావచ్చు. మూడోది చక్కెర జబ్బుకు ముందుగా వచ్చే హెచ్చరిక కావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. అంతమందికి రక్తం తక్కువగా ఉన్న చోట జుట్టు నూనెల ప్రకటనలకు కొదవ ఉండదు.

ప్రకాశం పడమటి వైపు వెళ్తే అందం గురించిన మాట నీళ్ళ దగ్గరికి చేరుతుంది. భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి వైద్య నివేదికలు 1937లో నెల్లూరు జిల్లా నుంచి వెలువడ్డాయి; నేడు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలుగా పేరుపడిన కనిగిరి, పొదిలి, దర్శి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలోవే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఫ్లోరైడ్ ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. దానిని మించిన నీళ్ళు 8 ఏళ్ళలోపు పిల్లలు తాగితే, చిగురులో తయారవుతున్న పంటి మీద గోధుమరంగు గార ముద్రపడిపోతుంది, తరవాత ఎంత తోమినా పోదు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఎందరో స్త్రీలు నవ్వేటప్పుడు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. చూసేవాళ్ళు దాన్ని సిగ్గరితనం అనుకుంటారు, అణకువ అని మెచ్చుకుంటారు కూడా. 50 ఏళ్ళుగా ఒక మనిషి తన నవ్వును కప్పుకుంటూ ఉంటే దానికి అణకువ అని పేరు పెట్టడం చాలా బాధాకరం. గార లోతును బట్టి పైపొరను సన్నగా అరగదీయడం, పంటి రంగు పూత వేయడం, తొడుగు వేయడం లాంటి చికిత్సలున్నాయి. చిన్నప్పుడు పెళ్ళి సంబంధం కోసం కూడా చేయించని ఖర్చును ఇప్పుడు ఎవరు పెడతారనేదే ప్రశ్న.

అదే నీరు దశాబ్దాల తరబడి తాగితే ఎముకలకు, కీళ్ళకు పట్టేస్తుంది. మెడ తిరగదు, నడుము వంగదు, వంగితే లేవదు. దీనికి ముట్లు ఆగాక వచ్చే ఎముక బలహీనత తోడవుతుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముక పరీక్షలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది కనుక, ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారో డాక్టరుకు చెప్పడం అవసరం. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్ళలో ఎంత వంటచెరుకు ఖర్చయిందో చెప్పలేము. తిండి విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ముట్లు ఆగిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం సిఫారసు చేస్తుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటాయి. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ళు అనే చిన్న చేపలు కాల్షియానికి మంచి ఆధారం, మాంసకృత్తులు కూడా వాటితోనే వస్తాయి. ఇవి మన వంటింటికి కొత్తవి కావు. అందరూ తిన్నాక మిగిలిన పులుసుతో సరిపెట్టుకునే అలవాటు ఉన్నచోట కొనిచ్చే కాల్షియం మాత్రకంటే ముందు వడ్డించే వరస మారాలి.

నలుగురిలో చెప్పుకోలేని మరో ఇబ్బంది ధైర్యాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం జారడం కాన్పులు అయిన స్త్రీలలో ఈ వయసులో చాలా మామూలు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీలకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఉదయగిరి నుంచి నెల్లూరుకు గంటల తరబడి బస్సులో కూర్చోవలసిన స్త్రీకి చార్జీ లేకపోవడం ఎంత మేలో, దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండడం అంతకంటే పెద్ద మేలు. అది లేకపోతే ఆమె పొద్దుట నుంచి నీళ్ళు తాగడం మానేస్తుంది, లేదా ప్రయాణమే మానేస్తుంది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను రోజుకు మూడు విడతలుగా బిగించి వదిలే వ్యాయామాన్ని మూడు నెలలు మానకుండా చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. లోపలి పొడిదనం, మంట, దాంపత్యంలో నొప్పి కూడా ఈ వయసులో హార్మోను తగ్గడం వల్ల వచ్చేవే. వాటికి పైపూత మందులున్నాయి. "ఈ వయసులో దానితో పనేముంది" అనే మాట అన్నిటికంటే గట్టిగా నోరు నొక్కేది ఇక్కడే.

ఆత్మవిశ్వాసం అనగానే ఈ రోజుల్లో నవ్వు, నడక, దుస్తులు గుర్తుకు వస్తాయి. నెల్లూరు జిల్లాకు దాని గురించి వేరే జ్ఞాపకం ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడుల్లో పలక పట్టిన స్త్రీలు, ఆ చదువు నుంచే సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంట ఊరి స్త్రీలు 1992లో ముట్టించిన పోరాటం జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలను అడ్డుకుని, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది. ఆ కదలిక వెనకే రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే మొదలయ్యాయి. ఆనాడు 30 ఏళ్ళున్న స్త్రీకి ఇప్పుడు 60 దాటాయి. కలెక్టరు ముందు నిలబడి మాట్లాడడానికి ఆమెకు ముఖం మీద ముడత లేకపోవడం అవసరం కాలేదు. నలుగురితో కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు అవసరమైంది.

అలాంటి చోటు ఇప్పటికీ ఉంది. సంఘం మీటింగులో అప్పు పత్రం చదవవలసి వచ్చినప్పుడు కాగితాన్ని చేయి చాపినంత దూరం పెట్టుకుని, చివరికి పక్కనున్న అమ్మాయికి అందించే స్త్రీలు ప్రతి ఊళ్ళో కనిపిస్తారు. 40 ఏళ్ళకు వచ్చే ఆ చూపుకు తెలుగులో చత్వారం అని పేరు. 40ని తెలిపే సంస్కృత పదం నుంచే ఆ మాట పుట్టింది. అంటే ఈ వయసులో ప్రతివాళ్ళకూ వచ్చేదేనని భాషే ఎప్పుడో చెప్పింది. అయినా ముసలిదానిలా కనిపిస్తామని ఒకవైపు, ఈ వయసులో చదివి ఏం చేస్తామని మరోవైపు, కొన్ని వందల రూపాయల కళ్ళద్దం వాయిదా పడుతూనే ఉంటుంది. రాత్రిబడిలో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు అలా మళ్ళీ చేజారిపోతాయి. సంఘం పుస్తకంలో ఆమె పేరు మీద ఉన్న అప్పులు బోరు బావికీ, కొడుకు ఫీజుకీ, కూతురి పెళ్ళికీ తీసుకున్నవి. ఆమె పంటికో, కంటికో తీసుకున్న అప్పు ఆ పుస్తకంలో వెతికినా దొరకడం అరుదు. సారా గురించి మాట్లాడుకున్న ఆ వరస లోనే, నెలకొక మీటింగులో పది నిమిషాలు ఒంటి సంగతికి కేటాయిస్తే మొదట అడగవలసిన ప్రశ్న చాలా మామూలుది: గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు ఎందరు, వాళ్ళ దగ్గర డిశ్చార్జి కాగితం ఉందా, అందులో అండాశయాలు తీసేశారో ఉంచారో రాసి ఉందా. ఆ కాగితాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరికి వారే చదువుకోవాలి.